భావనారాయణ మంచినీళ్ళు

చీర దండెం మీద సగం దాకా జారి ఆగింది. ఆపింది భావనారాయణ వేళ్ళు. కళ్ళు ఇంకా అక్కడికి చేరలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డను ఒకసారి నలిపి, జానెడు వెనక్కి లాగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు కనబడింది. నాలుగు పడుగు పోగుల కిందుగా దూరవలసిన పేక, వాటి మీదుగా దాటేసింది. చిటికెనవేలి గోరంత వదులు. కొన్ని ఉతుకులు పడితే అక్కడ చిరుగు మొదలవుతుంది.

"ఊఁ, వచ్చావా," అన్నాడు దానితో.

నడుముకు దోపుకున్న గుడ్డసంచిలోంచి ఎర్రదారం ముక్క తీసి, ఆ వరసకు సూటిగా అంచు మీద ముడి వేశాడు. మళ్ళీ చీర లాగడం మొదలుపెట్టాడు. కాస్త దూరం అద్దంలా నున్నగా నడిచింది. తర్వాత ఇంకో దాటు. దాని పక్కనే మరొకటి. ఆ తర్వాత మళ్ళీ నున్నగా. భావనారాయణ కనుబొమ్మలు పైకి లేచాయి. దొంగ దొరికాడని సంబరపడే మొహం కాదది. వాకిట్లో ముక్కూమొహం తెలియని చుట్టం దిగితే, ఈయన ఎవరి తరఫువాడా అని చూసే మొహం.

బెజవాడ పాతబస్తీలో, కాలువకు రెండు సందుల ఇవతల, ఒక బట్టల షావుకారు గోదాములో అతను గుడ్డ చూసే గుమాస్తా. మనిషి సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకు వాలినట్టుంటాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ గుంట మగ్గం మీద పేక పోగు మోసే నాడె విసిరి విసిరి కుడిభుజం కిందికి దిగిపోయింది. మోకాళ్ళు పనికిరాకుండా పోయాక షావుకారు పిలిచి ఈ దండెం దగ్గర నిలబెట్టాడు. చుట్టుపక్కల పేటల నేతగాళ్ళు వారం వారం తెచ్చే చీరలూ పంచెలూ ఈ కిటికీ ముందు నుంచే లోపలికి పోవాలి. భార్య రామతులసి పోయిన తర్వాత అతనికి గోదాము పని తప్ప ఇంట్లో పనంటూ లేదు. వంట ఒక పూటే. మెట్లెక్కి వచ్చాక ఛాతీ మీద అరచెయ్యి వేసుకుని కాసేపు నిలబడడం ఈ మధ్యే అలవాటయింది.

గోడ దగ్గర ఏదో బరువుగా ఈడ్చిన చప్పుడయింది. షావుకారుగారి అల్లుడు మల్లేశ్వరరావు ఒక నల్లబల్లను గోడకు చేరవేసి, మేకుకు తగిలిస్తున్నాడు. బందరులో బి.ఏ. చదివి, యుద్ధం ముగిసిన ఏడాది వ్యాపారంలోకి వచ్చాడు. ఊళ్ళో అందరికీ అల్లుడుగారే. చెడ్డవాడు కాదు. నూలు కంట్రోలు తెచ్చిన చిక్కులతో నిద్ర చాలక కళ్ళ కింద నల్లబడ్డ మనిషి.

"భావనారాయణగారూ, ఇవాళ్టి నుంచి తప్పులన్నీ దీని మీద రాయండి. పేరు, పేరు పక్కన గీత. మూడు గీతలు పడినవాళ్ళకి వచ్చే నెల నూలు ఉండదు. ఆ వంతు సరిగా నేసేవాళ్ళకి ఇస్తాను."

"మనం చెబుతూనే ఉన్నాం కదండీ."

"మీరు పెరట్లోకి తీసికెళ్ళి చెవిలో చెబుతారు. నలుగురికీ తెలిస్తేగా భయం. గుంటూరు నుంచి రెండు బేళ్ళు తిరిగొచ్చాయి, చూశారుగా. మా మావగారు నన్ను ఏమీ అనరు. అనకుండా అలా చూస్తారు. అది మరీ కష్టంగా ఉంది."

భావనారాయణ బల్ల దగ్గరికి వెళ్ళి చూశాడు. పోయిన రెండు వారాల లెక్క అప్పటికే ఎక్కించి ఉంది. ఒక్కో పేరు పక్కన ఒక్కో గీత. రామలింగం పేరు పక్కన మాత్రం రెండు.

అతని చేతిలో ఉన్న చీర రామలింగానిదే.

వసారాలో నేతగాళ్ళు చేరుతున్నారు. మూటలు దింపుకుని, చుట్టలు ముట్టించి, లోపల కొత్తగా వేలాడుతున్న బల్లను మెడలు సాచి చూస్తున్నారు. అందరికంటే పెద్దవాడు మార్కండేయులు కళ్ళజోడు సర్దుకుని, "ఏమయ్యా, అల్లుడుగారు మనకి ఓనమాలు నేర్పుతారట. పలకలు తెచ్చుకోలేదే మరి," అన్నాడు. నవ్వారు గానీ, ఆ నవ్వు త్వరగానే ఆగింది.

భావనారాయణ గడపలోకి వచ్చి, "రామలింగం, మంచినీళ్ళు తాగుదువుగాని రా," అన్నాడు.

ఆ మాట ఎన్నో ఏళ్ళుగా అక్కడ చలామణీలో ఉంది. ఎవరి గుడ్డలో తప్పు వస్తే వాళ్ళకి దాహం వేసినట్టు లెక్క. అందరికీ తెలుసు. తెలిసినా, మంచినీళ్ళకి పిలిచిన మనిషి తలవంచుకుని వెళ్ళనక్కర్లేదు.

"అప్పుడే దాహమా రామలింగం? ఇంకా ఎండెక్కలేదే," అన్నాడు మార్కండేయులు.

"ఎక్కినాక నీ వంతులే తాతా," అంటూ రామలింగం లేచాడు. లేవడం ఒక పట్టాన పూర్తికాదు. తాటిచెట్టంత మనిషి.

పెరటి వసారాలో కుండ, దాని మీద రామతులసి వాడిన ఇత్తడి గ్లాసు, పక్కన ముక్కాలి పీట. భావనారాయణ రామలింగాన్ని పీట మీద కూర్చోబెట్టి, గ్లాసు నింపి ఇచ్చాడు. తను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుడ్డ సంగతి ఎత్తడు. ఖాళీ అయ్యాక కూడా, తప్పు చేశావని అనడు. అతని మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఇది ఎట్లా వచ్చింది?"

"తెలీదు బాబాయ్."

"పొద్దున నేసింది అద్దంలా ఉంది. సాయంత్రానికి పోగులు దాటుతున్నాయి. మర్నాడు పొద్దున మళ్ళీ అద్దం."

"పొద్దునదో సాయంత్రందో నీకెట్లా తెలుసు?"

"రాత్రి మగ్గం ఆపిన చోట సన్నగా గీత పడుతుందిగా. ఆ గీత దగ్గర మొదలుపెట్టి చూడు. మూడు వారాలుగా ఇదే వరస. మధ్యాహ్నం భోంచేసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను. కూచుని నేస్తాను."

భావనారాయణ గ్లాసు అందుకునే వంకతో దగ్గరికి వంగాడు. రామలింగం మొహం ఎర్రబడింది.

"వాసన చూస్తున్నావా?"

"చూశాను. ఉల్లిపాయ."

"నన్ను కల్లు తాగేవాణ్ణి చేశావన్న మాట."

"చేయలేదురా. కాదని తేల్చుకున్నాను. ఒకటి తగ్గింది."

రామలింగం నవ్వబోయి, లోపలి గోడ వైపు చూసి ఆగాడు. "ఆ బల్ల మీద నాకిది మూడోదా?"

భావనారాయణ తలూపాడు.

"నూలు ఆపితే మగ్గం పడుకోవాలి బాబాయ్. చౌడేశ్వరికి ఏడో నెల." గ్లాసు వేసిన తడి వలయాన్ని పీట అంచు మీద వేలితో చెరిపాడు.

భావనారాయణ లోపలికి వెళ్ళాడు. మల్లేశ్వరరావు సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాయండి."

"రాస్తానండీ. రాసేముందు ఒకసారి వాడి మగ్గం చూసొస్తాను. పడవ మీద పోతే పూటలో పని."

"మగ్గం చూస్తే గుడ్డలో తప్పు పోతుందా?"

"పోదండీ. వచ్చే వారం గుడ్డలో ఉంటుందా ఉండదా అన్నది తెలుస్తుంది."

మల్లేశ్వరరావు గడియారం వైపు చూశాడు. కాదనడానికి నోరు తెరిచి, ఎర్రదారాలు వేలాడుతున్న చీర వైపు చూశాడు. "దీపాలు పెట్టేలోగా రండి. లేకపోతే నేనే రాస్తాను," అన్నాడు.

మిగిలిన గుడ్డలన్నీ చూసి, దాహం వేసినవాళ్ళకి నీళ్ళు పోసి బయటపడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. బందరు కాలువలో నీళ్ళు ఎర్రగా, అంచుల దాకా నిండి పారుతున్నాయి. జ్యేష్ఠంలో లాకులెత్తినప్పటి నుంచీ అదే జోరు. బసవపున్నయ్య పడవలో ఖాళీ నూనె డబ్బాలు దిగువకు పోతున్నాయి. వాటి మధ్య చోటు చేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. రామలింగం మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

సన్నగా జల్లు మొదలైంది. బసవపున్నయ్య ఒక్కసారి గెడ వదిలి, డబ్బాలను కట్టిన తాళ్ళన్నీ కాస్త కాస్త వదులు చేయసాగాడు.

"వానలో బిగించాలి గాని, వదులు చేస్తావేం?" భావనారాయణకు ఆశ్చర్యం వేసింది.

"తడిస్తే తాడు పొట్టిదైపోద్దండి. బిగించి వదిలేస్తే డబ్బా నొక్కుకుపోద్ది. ఓ పాలి పడవ కట్టిన గుంజే ఊడొచ్చింది."

"ఎంత పొట్టిదవుతుంది?"

"కొలిచామా ఏందండీ," అన్నాడు బసవపున్నయ్య నవ్వుతూ. "గుంజ ఊడినాక తెలిసింది."

భావనారాయణ తడుస్తున్న తాడును వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళు దారంతోనే బతికాడు. తాడు గురించి ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

గట్టు మీద తుమ్మలు వెనక్కి పోతున్నాయి. ఈ గట్టు మీదే ఒకసారి ఎండలో నడిచి వెళ్ళాడు. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. అతను నేసిన పంచెలో దాటు కనబడితే, అప్పటి గుమాస్తా దాన్ని వీధి అరుగు మీద పరిచి పదిమందినీ పిలిచి చూపించాడు. వాళ్ళలో మామగారు కూడా ఉన్నారు. భావనారాయణ పంచె చుట్టుకుని, పడవ కోసం ఆగకుండా, గొంతు ఎండిపోతున్నా ఎవరినీ నీళ్ళడగకుండా ఇంటికి పోయాడు. ఆ దాటు ఎట్లా వచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పేవాడే. అది నేస్తున్నప్పుడు పక్క గదిలో రామతులసి నొప్పులు పడుతోంది. బిడ్డ ఏడ్చిన ఏడుపు చెవిన పడ్డప్పుడు తొక్కుడు చెక్క మీద కాలు తప్పింది. ఆ ఏడుపు ఆ ఒక్కసారే వినబడింది. తర్వాత ఆ పంచె అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో, ఎక్కడ చిరిగిందో.

సాలిపేట రేవులో దిగి, కాలువ కట్ట వారనే ఉన్న కొత్త పాక దగ్గరికి వచ్చేసరికి రామలింగం అడుగులు నెమ్మదించాయి. "చూడ్డానికేముంది బాబాయ్, అందరి మగ్గంలాంటిదే. ముందు భోంచేద్దువుగాని రా."

చౌడేశ్వరి ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేతిలో చెంబుతో బయటికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. భావనారాయణను చూసి చెంబు వెనక్కి దాచుకుంది.

"అమ్మాయ్, కాళ్ళు కడుక్కోడానికి కాసిని నీళ్ళు."

"నీళ్ళకేం కొదవ మావయ్యగారూ, గుంట నిండా ఉన్నాయి," అంది ఆమె. అన్నాక మొగుడి మొహం చూసింది. ఇంక దాచి లాభం లేదని చెంబు అరుగు మీద పెట్టేసింది.

భావనారాయణ వంగి పాక లోపలికి వెళ్ళాడు. మగ్గం మీద కొత్త చీర సగం నేసి ఉంది. దాని కింద, నేతగాడు కాళ్ళు దించుకునే గుంటలో, కాలువ వైపు గోడ నుంచి నీరు ఊరి నల్లగా మెరుస్తోంది. ఆ గోడ వైపు పల్లంలో ఉన్న ఎడమకాలి తొక్కుడు చెక్క నీళ్ళలో మునిగి ఉంది. కుడిది పొడిగా పైన ఉంది.

"గుంట ఇంత లోతు ఎవరు తవ్వమన్నారు?"

రామలింగం గుమ్మంలోనే నిలబడ్డాడు. జవాబు చౌడేశ్వరి చెప్పింది. "ఎండాకాలంలో తవ్వారు మావయ్యగారూ. ఇక్కడ వద్దు, కాలువ వదిలితే ఊట వస్తుందని పేటంతా చెప్పారు. ఈయన వింటేనా. నా కాళ్ళ పొడుగు మీకేం తెలుసు, జన్మలో ఒక్కసారైనా కాళ్ళు చాపుకుని నేస్తానన్నారు."

"ఊరుకోవే."

"పొద్దున్నే తోడేస్తాం. మధ్యాహ్నానికి మళ్ళీ ఇదే. రాత్రి చెక్కలు పైకి కట్టేస్తే తెల్లారేసరికి ఆరతాయి. చెబుదామంటే, పేటంతా నవ్వుతారంటారు."

భావనారాయణ పంచె పైకి దోపి గుంటలోకి దిగాడు. చన్నీళ్ళు చీలమండలు దాటి పైకి వచ్చాయి. వద్దు బాబాయ్ అంటున్నా వినకుండా, గుంట అంచున నేతగాడు కూర్చునే పట్టె మీద కూర్చుని నాడె అందుకున్నాడు. ఎన్నాళ్ళకో మగ్గం మీద కూర్చోవడం. మొదట చేతులు తడబడ్డాయి, తర్వాత వాటికి దారి గుర్తొచ్చింది. కుడికాలు తొక్కాడు, నాడె పోయింది. ఎడమకాలు తొక్కాడు. పడుగు పూర్తిగా విడలేదు. నాలుగు పోగులు పైకి రాకుండా బద్ధకంగా మధ్యలోనే ఉండిపోయాయి. నాడె వాటి మీదుగా దాటిపోయింది.

సరిగ్గా అదే దాటు. అదే వదులు.

భావనారాయణ నవ్వాడు. ఛాతీ పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "నా చేత కూడా నేయించిందిరా."

నీళ్ళలోకి చెయ్యి పెట్టి ఎడమ చెక్కకు కట్టిన గోగునార తాడు తడిమాడు. తీగలా బిగుసుకుని ఉంది. రెండు తాళ్ళూ విప్పి పక్కపక్కన పట్టుకుని చూపించాడు. ఒకే నారతో పేనినవే, ఒకే రోజు కట్టినవే. తడిసింది రెండు వేళ్ళు పొట్టి; అందుకే రెండు చెక్కల లాగుడూ సమంగా లేక పోగులు పూర్తిగా లేవడం లేదు.

"నీ చేతిలో తప్పు లేదు," అన్నాడు. "గుంట తవ్వావు చూడు, అది తప్పు. తవ్వాక చెప్పకుండా దాచావు, అది ఇంకా తప్పు. ఏడో నెల పిల్ల వంగి నీళ్ళు తోడుతుంటే నువ్వు కాళ్ళు చాపుకుని కూర్చున్నావు. దీన్ని ఏమంటారో నువ్వే చెప్పు."

రామలింగం అరుగు మీది చెంబు చేతిలోకి తీసుకున్నాడు. "ఏం చేయమంటావు?" అన్నాడు.

"పెంకులు కొట్టి, మట్టి కలిపి, గుంట జానెడు పూడ్చు. ఇవాళే."

"మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి బాబాయ్."

"తగలనీ. లాకులు మూసేదాకా. గడ్డం అరిగిపోతే అప్పుడు చూద్దాం."

ఈసారి ముగ్గురూ నవ్వారు. గుంటలోంచి పైకి రావడానికి భావనారాయణకు రామలింగం చెయ్యి కావలసి వచ్చింది. మొహం పాలిపోయింది. చౌడేశ్వరి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అతన్ని పట్టె మీద కూర్చోబెట్టి ఇద్దరూ నిలబడ్డారు.

"ఇవాళ నాకు దాహం వేసింది," అన్నాడు భావనారాయణ. నెమ్మదిగా, గుక్క గుక్కగా తాగాడు. "నీకు మూడో గీత పడకుండా చూస్తానని మాటివ్వలేను. చెప్పి చూస్తాను. ఈ తాళ్ళు పట్టుకుపోతున్నాను, వేరేవి కట్టుకో."

ఎదురు ప్రవాహంలో పడవవాళ్ళు పడవను గట్టు మీంచి తాడుతో లాక్కుంటూ వచ్చారు. దారంతా అతను తడితాడు ఒళ్ళో పెట్టుకుని, ఆరుతుందేమోనని దాని మీద తుండుగుడ్డ కప్పి కూర్చున్నాడు. బసవపున్నయ్య రెండుసార్లు పలకరించాడు. "ఒంట్లో బాగుందాండీ?" అంటే, "బాగుంది. నీ తాడు సంగతి నిజమేనోయ్," అన్నాడు. 

గోదాముకు చేరేసరికి సందె వాలింది. మల్లేశ్వరరావు సుద్దముక్క బల్ల అంచు మీద పెట్టుకుని కూర్చున్నాడు. భావనారాయణ మెట్ల దగ్గర కాసేపు ఆగి, లోపలికి వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. గుంట సంగతి, చెంబు సంగతి, తన చేత్తో తనే దాటు నేసిన సంగతి. తాళ్ళు రెండూ బల్ల ముందు పరిచాడు.

మల్లేశ్వరరావు వాటిని ఎత్తి, కొసలు కలిపి, కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళాడు. ఒకటి వంచి చూశాడు, ఇంకోటి వంచి చూశాడు. సుద్దముక్క సంగతి మరిచిపోయాడు. బందరులో చదివే రోజుల్లో ఏ వస్తువు దొరికినా విప్పి చూసేవాడు. ఆ మొహం ఇన్ని నెలల తర్వాత మళ్ళీ వచ్చింది.

"అసలే పొట్టిగా కట్టాడేమో?"

"కావచ్చండీ. నేననుకోవడం కాదని."

"ఆరితే మళ్ళీ మొదటంత అవుతుందా?"

"అది నాకూ తెలీదండీ. చూడాలి."

"అయితే చూద్దాం," అన్నాడు మల్లేశ్వరరావు. రెండు తాళ్ళనూ బల్ల తగిలించిన మేకుకే పక్కపక్కన వేలాడదీశాడు. తడిది రామలింగం పేరు దాకా రాలేదు. పొడిది దాటింది. "పొద్దున రెండూ సమానమైతే రాయను. వాడి నూలు వాడికే. కాకపోతే రాస్తాను. న్యాయమేనా?"

"న్యాయమేనండీ."

భావనారాయణ మొహంలో వెలుగు చూసి మల్లేశ్వరరావు కొంచెం సిగ్గుపడ్డాడు. "పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నారా?"

"మంచినీళ్ళు తాగొస్తాను," అని పెరట్లోకి వెళ్ళాడు భావనారాయణ.

కుండ మూత తీసిన చప్పుడు వినబడింది. మల్లేశ్వరరావు దీపం వెలిగించి, తాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. తాడు మీద ఇంకా నీటి బొట్లున్నాయి. తడి ఎటు నుంచి ఆరుతుంది, పైనుంచా కిందినుంచా? భావనారాయణను అడగాలనిపించింది. పిలిచాడు. పలకలేదు. దీపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

భావనారాయణ ముక్కాలి పీట మీద, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నేతగాళ్ళు కూర్చునే చోటు అది. అతను అక్కడ కూర్చోగా మల్లేశ్వరరావు ఎన్నడూ చూడలేదు. పాదాల మీద గుంటమట్టి ఆరి తెల్లబడింది. గ్లాసు పక్కనే నేల మీద ఉంది, సగం తాగినది. తాగుతుంటే ఎవరో ఏదో చెప్పగా, వినడానికి దించిపెట్టినట్టుంది. మొహంలో బాధ లేదు. కనుబొమ్మలు కాస్త పైకి లేచి ఉన్నాయి.

మల్లేశ్వరరావు దీపం కింద పెట్టి, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. మనుషుల్ని పిలవాలని తెలుసు. వెంటనే లేవలేకపోయాడు.

కబురు రాత్రికే పేటలకు వెళ్ళింది. తెల్లవారేసరికి నేతగాళ్ళంతా వచ్చారు. రామలింగం చేతులకు పెంకుల మట్టి అంటుకునే ఉంది, కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చాడు. మార్కండేయులు కుండలోంచి నీళ్ళు ముంచి అందరికీ ఇచ్చాడు. ఆ నీళ్ళు తాగుతూ ఎవరూ నవ్వలేదు. పాడెకు ముందు కొమ్ము రామలింగం పట్టాడు. పొడుగు ఎక్కువై అటు పక్క ఎత్తయితే, దారి పొడుగునా మోకాళ్ళు వంచి నడిచాడు.

కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొచ్చి, స్నానం చేసి, మల్లేశ్వరరావు ఒక్కడే గోదాము తలుపు తీశాడు. దండెం మీద ఎర్రదారాల చీర అలాగే ఉంది. సుద్దముక్క బల్ల అంచున ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో, మేకుకు వేలాడుతున్న రెండు గోగునార తాళ్ళూ పూర్తిగా ఆరి, రామలింగం పేరును దాటి, ఒక్క చోటే ఆగి ఉన్నాయి.